కత్తెర తీసేసిన ముక్క

మా ముసలాయన నలభై నిండకుండానే పోయాడు. పోయి మూడొందల ఏళ్ళయింది కాబట్టి మేం ముగ్గురం ఆయన్ని ముసలాయన అనే పిలిచేవాళ్ళం. పడమటి దేశాల్లో బరోక్ సంగీతం నడిచిన రోజుల్లో ఎక్కడో ఒక చిన్న ఊళ్ళో, ప్రార్థనాలయంలో వాద్యం వాయించి పొట్టపోసుకుంటూ, తీరిక దొరికినప్పుడు సంగీతం రాసుకున్న మనిషి. రాసినవాటిలో మిగిలినవి ఆరు సొనాటాలు, మూడు వాద్యాలు కలిసి కొన్ని భాగాలుగా వాయించే రచనలు. బతికుండగా ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. పోయాక అసలే పట్టించుకోలేదు. ఒక గ్రంథాలయం నేలమాళిగలో దుమ్ము తింటున్న ఆ కాగితాలు మా అక్క కంటపడ్డాయి. చూసి ఊరుకుంటే అది మా అక్క ఎందుకవుతుంది? రోజుల తరబడి అక్కడే కూర్చుని అన్నీ చేత్తో ఎత్తి రాసుకొచ్చింది. "పాపమే, మనం కూడా వాయించకపోతే ఈయన్ని ఇంకెవరు వాయిస్తారు?" అంది.

అక్కది వయొలిన్, బావది దాని లావు గొంతు పెద్దన్న చెల్లో, నాది హార్ప్సికార్డ్. నా వాద్యం చూడ్డానికి పియానోకి ముత్తవ్వలా ఉంటుంది. మీట నొక్కితే లోపల ఒక చిన్న ములుకు తీగను మీటుతుంది. ఎవరైనా తలుపు తీసి గాలి తగిలితే చాలు, శ్రుతి జారిపోతుంది మహాతల్లికి. నా బతుకులో సగం ఆ పెట్టెలో తల దూర్చి తీగలు బిగించడంతోనే సరిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మొదటి అయిదు సొనాటాలూ రికార్డుగా వచ్చాయి. ఎవరూ కొనలేదు. ఊరికే ఇస్తే తీసుకున్న చుట్టాలు కూడా వినలేదు. ఆరోది రికార్డు చేసే రోజుకి అక్క గుండె బాగా నీరసించి ఉంది. విశ్రాంతి తీసుకోమని డాక్టరు ముందే చెప్పాడు. మిగతా భాగాలు అయిపోయాయి, నెమ్మదిగా సాగే రెండో భాగాన్ని మాత్రం అప్పటికే చాలాసార్లు వాయించాం. బావకి నచ్చలేదు. "మరొక్కసారి" అన్నాడు. మరొక్కసారి వాయించాం. అది అవ్వగానే అక్క వయొలిన్ కుర్చీలో జాగ్రత్తగా పెట్టి, తను మాత్రం నేల మీద పడిపోయింది. ఆ వారం దాటలేదు.

అన్నీ అయిపోయిన మర్నాడు బావ అక్క రాసిన ఆ కాగితాలన్నీ తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాడు. నేను అడ్డం పడ్డాను, తోసేశాడు. కొన్నేళ్ళకి గ్రంథాలయంలోకి వరద నీళ్ళొచ్చి అసలు ప్రతి కూడా పోయింది. రికార్డుగా వచ్చిన అయిదూ మిగిలాయి. ఆరోది మాత్రం ఇక ఎక్కడా లేదనుకున్నాను.

బావని నేను వదల్లేదు, క్షమించనూ లేదు. ఎదురెదురు వాటాల్లో ఉంటూ ముసలివాళ్ళమైపోయాం. ఆయనకి వంట నేనే పంపుతాను. ఉప్పు తక్కువైందంటే మాత్రం ఇంత ఎత్తున లేస్తాను. నా అక్కని మింగిన మనిషికి ఉప్పు కూడా సరిగ్గా కావాలా అని లోపల అనుకుంటాను. బయటికి ఒక్కసారీ అనలేదు. అది మాత్రం నా గొప్పతనమే.

ఈమధ్య డిస్కులు వేసే కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పాత సామాన్ల దుకాణంలో మా రికార్డు దొరికిందట. అట్ట మీద బొమ్మ బాగుందని కొన్నదట. విన్నాక వేరే పని చెయ్యలేకపోయిందట. "ఇంత గొప్ప సంగీతాన్ని ఇన్నాళ్ళూ ఎలా దాచారండీ?" అంది. దాచామట! ఎవడైనా వింటేగా! "అట్ట వెనక ఈయన ఆరు రాశాడని ఉంది, ఇందులో అయిదే ఉన్నాయి. ఆరోది ఏదమ్మా?" అని అడిగింది. కాలిపోయిందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఈ సంగతి బావకి గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చింది. ఆయన తలలో ఏదో గడ్డ పెరిగి చెవుల నరాల్ని నొక్కుతోంది. ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోదానికి లావు గొంతులు, బరువైన శబ్దాలు తప్ప ఏవీ అందవు. ఆపరేషన్ దగ్గరికొచ్చింది. ప్రాణానికి ఢోకా లేదు, వినికిడి మాత్రం ఇక ఉండదని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

"కాలింది కాగితమే," అన్నాడు బావ. "టేపు కాలలేదు."

"ఏ టేపు?"

"కత్తెర దగ్గరుంది. నా చేతికిస్తే దాన్నీ తగలబెడతానని దాచాడు. మంచిపనే చేశాడు."

కత్తెర అంటే అప్పట్లో మా రికార్డింగు చేసిన ఇంజినీరు. టేపులో దగ్గు, కుర్చీ కిర్రు, ఊపిరి ఏది వినపడినా బ్లేడుతో కోసి పారేసి, అతుకు కూడా తెలియకుండా అంటించేవాడు. అందుకే ఆ పేరు. ఎదురుగా పిలిచినా పొంగిపోయేవాడు.

"ఇన్నేళ్ళు నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నావా? ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?" అని విరుచుకుపడ్డాను.

"ఆ రోజు నేను మరొక్కసారి అన్నాక మీ అక్క ఏదో అంది చిట్టీ. ఏమందో గుర్తులేదు. చెవులుండగా వినాలి."

"ఏమంటుంది? నువ్వు చెప్పడం, అది తల ఊపడం. అంతేగా మీ కాపురం!"

"నువ్వు విన్నావా?"

"నేనెక్కడ విన్నాను! పెట్టెలో తల పెట్టుకుని తీగలు బిగిస్తున్నాను."

"మరయితే పద," అన్నాడు.

కత్తెర ఇప్పుడు వంగిపోయాడు గానీ చేతులు వణకడం లేదు. బావని చూడగానే ముఖం పాలిపోయింది. విషయం చెప్పాక, పాత కోట్ల వెనక నుంచి రేకు డబ్బా తీశాడు. టేపు చెమ్మకి మెత్తబడి చుట్టకి చుట్ట అంటుకుపోయి ఉంది. అలాగే తిప్పితే సంగీతమంతా గోధుమరంగు పొడిగా రాలిపోతుందట. పళ్ళముక్కలు ఎండబెట్టే చిన్న యంత్రంలో పెట్టి, సన్నటి వేడి మీద ఒక పూటంతా ఆరబెట్టాలట.

"ఆరితే ఒక్కసారి పలుకుతుందమ్మా. రెండోసారికి నేను పూచీ లేను," అన్నాడు. రేపు రమ్మన్నాడు.

మర్నాడు వెళ్ళేసరికి ఇల్లు ఊడ్చి, రెండు కుర్చీలు వేసి, పెళ్ళికూతురు తండ్రిలా ఎదురుచూస్తున్నాడు. టేపు నుంచి కంప్యూటర్లోకి అప్పటికే ఎక్కించేశాడట. "వినండి," అని మీట నొక్కాడు.

ఆ రెండో భాగం మొదలైంది. బావ చెల్లో మెట్లు దిగుతున్నట్టు ఒక్కో స్వరం కిందికి దిగుతూ పోతుంది. అక్క వయొలిన్ మాత్రం పైన ఒకే స్వరం పట్టుకుని నిలబడుతుంది. కిందవాళ్ళు ఎంత దూరం పోయినా తను కదలదు. ఇక ఊపిరి చాలదేమో అనిపించినప్పుడు దిగుతుంది. ఎప్పుడో చచ్చిపోయిన, ఒక్కరూ పట్టించుకోని ఆ మనిషికి ఇదంతా ఎలా తెలుసో! నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఎంత బాగా వాయించింది నా అక్క! అంత జబ్బులోనూ ఎంత బాగా వాయించింది!

బావ చెవి స్పీకరుకి ఆనించి కూర్చున్నాడు. అయిపోయాక తలెత్తాడు. "ముందు మాటలేవి?"

"మాటలా? అవెందుకుంటాయి సార్, తీసేశానుగా!" కత్తెర ముఖం వెలిగిపోతోంది. "నా చేతిలోంచి వెళ్ళిన పాటలో ఒక్క ఊపిరి వినపడిందా, నా పేరు మార్చుకుంటాను."

"కంప్యూటర్లో మొత్తం ఉంటుందిగా?" అన్నాను.

"మొత్తం ఎక్కించలేదమ్మా. ఆ రోజు కోసినవి మాత్రం పారెయ్యకుండా చుట్ట చివర అంటించి ఉంచాను, వేడికి ఆ అతుకులన్నీ ఊడొచ్చాయి. పాట ముక్కలే అతికించి ఎక్కించాను. మిగతావి..." అని మూల ఉన్న చెత్తబుట్ట వైపు చూశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ కత్తెర తగలెయ్య! మేం దేనికొచ్చామో చెప్పాం కదయ్యా! ఈయన ఉన్న కాస్త చెవీ పోగొట్టుకోబోతూ ఆ ఒక్క మాట కోసం వచ్చాడయ్యా!"

కత్తెర నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. బావకి వినపడదని తెలిసీ తగ్గించాడు. "ఆ రోజు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నది నేనే కదమ్మా. నేను విన్నాను. ఆ ముక్క వద్దు. పాట బాగుంది కదా, పాట తీసుకెళ్ళండి."

 వెళ్ళి చెత్తబుట్ట నేల మీద బోర్లించాను.

టీ పొడి, వైరు ముక్కలు, వాటి మధ్య మెలికలు తిరిగిన గోధుమరంగు టేపు. ముగ్గురం నేల మీద చతికిలబడ్డాం. మోకాళ్ళు పట్టేసిన ముసలివాళ్ళం ముగ్గురం చెత్తలో ఏరుకుంటుంటే ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళు. నేను పట్టుకుంటే పొడి వేళ్ళకి అంటుకుంటోంది. "మీరు ముట్టుకోకండమ్మా, అక్క గొంతు రాలిపోతుంది," అన్నాడు కత్తెర. నేను చేతులు వెనక్కి తీసేసుకున్నాను. చివర్లు చూసి, వెలుగులో పెట్టి, వరస కట్టి అతనే అతికించాడు. ఈసారి కంప్యూటరు ముందే ఆన్ చేశాడు. టేపు తిరిగింది.

మొదట బుసబుసమని ఒక చప్పుడు. తరవాత కుర్చీ కిర్రుమంది. టింగ్, టింగ్ అని తీగ మీటుతున్న శబ్దం. అది నేనే, శ్రుతి చేసుకుంటున్నాను. అప్పుడు బావ గొంతు, వయసులో ఉన్న లావు గొంతు, "మరొక్కసారి."

బావ వేలెత్తాడు. అది ఆయనకి వినపడింది.

తరవాత అక్క గొంతు. నేను మరిచిపోయాననుకున్న గొంతు. సన్నగా, అలిసిపోయి, "వద్దండీ. ఇవాళ్టికి చాలు. నావల్ల కావట్లేదు."

టింగ్, టింగ్. నా తీగ.

"ఒక్కసారే. ఇదే ఆఖరు," అంది బావ గొంతు.

మళ్ళీ టేపు బుసబుస. తరవాత అక్క, "ఒకటి, రెండు, మూడు," అని లెక్కపెట్టింది. అక్కడికి ముక్క అయిపోయింది.

కత్తెర యంత్రం ఆపాడు. టేపు మీద పొడంతా రాలిపోయి, అది అవతలివైపు కనిపించేటట్టు అయిపోయింది.

"నా గొంతు వినపడింది," అన్నాడు బావ. "తరవాత ఏమంది?"

ఇన్నేళ్ళూ ఆయన ముఖాన విసిరికొట్టాలనుకున్న మాట నా చేతికి దొరికింది. అక్క తల ఊపలేదు. వద్దని నోరు తెరిచి చెప్పింది. పక్కనే నేనున్నాను, తీగలు బిగించుకుంటూ. బావ నా పెదాల వైపు చూస్తున్నాడు. మనిషి బక్కచిక్కి, చొక్కా వదులైపోయి, నోరు కాస్త తెరుచుకుని పసిపిల్లాడిలా చూస్తున్నాడు. ఆయన వెనక నిలబడి కత్తెర వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. "సరే అంది బావా" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏం పోతుంది? ఆపరేషన్‌కి మనశ్శాంతిగా పోతాడు కదా!

అక్క వద్దంటే ఎవరూ వినలేదు. ఇప్పుడు నేను కూడా వినలేదని ఎలా అనను?

"వద్దంది," అన్నాను గట్టిగా. "ఇవాళ్టికి చాలంది. తనవల్ల కావట్లేదంది."

బావ మెల్లగా తల పంకించాడు. "అవును. అలాగే అంది."

"గుర్తులేదన్నావుగా!"

"ఎలా మరిచిపోతాను? రోజూ వింటూనే ఉన్నాను. ఒక్కోసారి నేనే కల్పించుకున్నానేమో, మీ అక్క నిజంగా సరే అందేమో అని ఆశపడేవాణ్ణి." కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు జాలిపడి సరే అందని చెప్తావేమోనని భయపడ్డాను చిట్టీ. ఆపరేషనయ్యాక నాకు ఇంకేదీ వినపడదు. ఇదొక్కటే లోపల వినపడుతుంటుంది. ఇంకొకరు కూడా విని ఉండాలనిపించింది."

"నాకెందుకు అంటగట్టావయ్యా?" అని ఆయన భుజం మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఆయన కదల్లేదు. కత్తెర దూదితో యంత్రానికంటిన గోధుమరంగు పొడి తుడుస్తూ, తుడిచిన దూదిని పారెయ్యలేక చేతిలోనే పట్టుకున్నాడు.

లేచి వచ్చేటప్పుడు బావ ఒక్కటే చెప్పాడు. డిస్కులో ఆ మాటలు ఉండాలని.

"నా పేరు పోతుంది సార్," అన్నాడు కత్తెర.

"ఏమంటున్నాడు?"

"పేరు పోతుందంటున్నాడు."

"పోనీమను."

ఆపరేషన్ అయింది. ప్రాణం ఉంది, చెవులు పోయాయి. డిస్కు వచ్చింది. ఈసారి జనం విన్నారు. ఎవరో డిస్కు వింటూ స్వరాలన్నీ కాగితం మీద రాసుకున్నారట. ఎక్కడెక్కడో ఆరో సొనాటా వాయిస్తున్నారట. ముసలాయన బతికాడు. ఆ భాగానికి ముందు ఆ ఆడమనిషి ఎవరు, ఎందుకు వద్దంటోంది అని కంపెనీ ఆవిడకి చాలామంది రాశారు. నన్ను అడిగితే మా అక్క అని చెప్పి ఊరుకున్నాను.

ఆదివారాలు డిస్కు పట్టుకుని బావ వాటాకి వెళ్తాను. పెట్టమని ఆయనే సైగ చేస్తాడు. నేను పెడతాను. ఆయనకి ఏమీ వినపడదు. అక్క మాటలు అయ్యేదాకా నా ముఖం వైపే చూస్తూ కూర్చుంటాడు.

"అయిందా?" అంటాడు.

"అయింది," అని తల ఊపుతాను. "ఇప్పుడు వాయిస్తోంది."