అతుకుపని

మూడో రేకు దగ్గర మళ్లీ కుట్టు తప్పింది. పాపాయమ్మ దారం లాగేసి పువ్వంతా విప్పింది. పొద్దున్నుంచీ ఇదే వరస. అల్లడం, విప్పడం, లేచి వంటింట్లోకి వెళ్లడం, ఎందుకు వెళ్లిందో మరిచిపోయి తిరిగొచ్చి పెరటి వసారాలో కూలబడడం. పెళ్లయిన కొత్తల్లో నేర్చుకున్న గులాబీ పువ్వు, మాటల్లో పడి చూడకుండా అల్లేసే పువ్వు, ఇవాళ చేతికి లొంగనంటోంది.

సన్నటి మనిషి. మెడ ఎడమ పక్కకు కాస్త వాలి ఉంటుంది, ఎవరో చెప్పే రహస్యం వింటున్నట్టు. చూపుడు వేలి మీద దారం ఒరిసి ఒరిసి గాడి పడింది. కళ్లజోడు కాడ విరిగితే లేసు దారంతోనే కట్టుకుంది. పేరుకు రైతు కుటుంబం. ఆ ఇంటి ఆడవాళ్లు కూలికి వెళ్తే పరువు పోతుంది, వెళ్లకపోతే పొయ్యి వెలగదు. లేసు అల్లే కొక్కెం సూది ఆ రెంటికీ రాజీ కుదిర్చింది. భర్త పోయాక కూడా ఆమె గడప దాటకుండా, ఈ వసారాలో కూర్చునే కొడుకు చంద్రరావుని పెంచి, చదివించి, ఎరువుల కొట్లో గుమాస్తాని చేసింది.

అయితే ఆమెకు వచ్చింది పువ్వు ఒక్కటే. నరసాపురం చుట్టుపక్కల లేసుపని తీరే అంత. పువ్వు అల్లేవారు ఒకరు. ఆ పువ్వుల్ని కలిపి బల్లగుడ్డగా చేసే అతుకుపని మరొకరిది. పాపాయమ్మ ప్రతి పువ్వుకీ జానెడు దారం కొస వదిలేది. పేట నుంచి దీనమ్మ వచ్చి, పెరటి మెట్టు మీద కూర్చుని, ఆ కొసతోనే పక్క పువ్వుకి కలిపి, ముడి వేసి, మిగిలిన దారాన్ని పంటితో పుటుక్కున కొరికేసేది. దీనమ్మకు పువ్వు రాదు. పాపాయమ్మకు అతుకు రాదు. రాదన్న సంగతి ఇద్దరికీ ఎన్నడూ తట్టలేదు. కబుర్లలో పని సాగిపోయేది.

తట్టేలా చేసింది గవర్నమెంటువారు. బి.ఏ.లు పాసై అరుగుల మీద కూర్చునే కుర్రాళ్లు ఎక్కువైపోయారని వారికి బెంగ పట్టుకుంది. ఇకనుంచి ఇంటర్మీడియట్‌లోనే చేతిపనులు నేర్పాలన్నారు, చేరిన ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పు ఇస్తామన్నారు. గోదావరి అవతలి గట్టున కొత్తగా పెట్టిన జూనియర్ కాలేజీకి లేసు కోర్సు వచ్చింది, దాంతోపాటు టీచరు పోస్టూ వచ్చింది. డిగ్రీ అక్కర్లేదు, పనితనం చాలట. అంతా బాగానే ఆలోచించారు గానీ, ఒక లేసుకి ఇద్దరు మనుషులు కావాలన్న ముక్క ఆ పెద్దలకు ఎవరూ చెప్పినట్టు లేదు. పోస్టు ఒక్కటే.

క్రితం నెల ఆ పోస్టుకి పెట్టిన పరీక్షకు ఇద్దరూ వెళ్లారు. ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. చిన్న బల్లగుడ్డ ఒకటి మొదటినుంచి చివరిదాకా చేసి చూపించమన్నారు. పాపాయమ్మ చకచకా పువ్వులు అల్లి, కొసలు పైకి కనపడేలా గుండ్రంగా పేర్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జన్మలో ఎప్పుడూ ఆమె పని అక్కడితో అయిపోయేది. పక్కన దీనమ్మ, అప్పటిదాకా ఏం చెయ్యాలో తోచక చెమటలు కక్కుతున్న మనిషి, ఆ పువ్వులు చూసింది. చెయ్యి దానంతటదే వెళ్లింది. అతికింది, ముడి వేసింది, కొరికింది. ఆఫీసరుగారు వచ్చేసరికి బల్లగుడ్డ దీనమ్మ చేతిలో ఉంది, పాపాయమ్మ ముందు ఏమీ లేదు. ఆయన దీనమ్మ పేరు రాసుకున్నాడు. తన పువ్వులు దీనమ్మ చేతికి వెళ్లడం ఎప్పుడూ ఉన్నదే కనుక పాపాయమ్మకు ఆ నిమిషంలో తప్పేమీ కనిపించలేదు. టీచరు అనే పిలుపు మీద తనకెంత ఆశ ఉందో ఇంటికొచ్చాకే తెలిసి కుమిలిపోయింది.

ఆ తర్వాత దీనమ్మ ఒకసారి పెరటి తలుపు తట్టింది. పాపాయమ్మ తియ్యలేదు.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన చంద్రరావు పీట మీద కూర్చుంటూనే మొదలెట్టాడు. "సాయంత్రం గోదారి దాటే పంటుకి ఎల్లిపోతందంటమ్మా దీనమ్మ. రేపు క్లాసు. నువ్వు ఊ అను, ఆ పువ్వులు మా అమ్మవని ప్రిన్సిపాలుగారికి కాయితం రాసి పడేత్తాను."

ఆమె చారు వెయ్యబోయి మజ్జిగ వేసింది.

కొడుకు వెళ్లాక సూది పట్టుకుంది. రేపు దీనమ్మ ఆ పిల్లల ముందు నిలబడుతుంది. స్కాలర్‌షిప్పు వస్తుందని నాన్నల్ని బతిమాలి చేరిన పిల్లలు. మొదట ఏం నేర్పుతుంది? పువ్వే కదా నేర్పాలి. పిల్లలు మొహమొహాలు చూసుకుని నవ్వుతారు. బాగా అయింది అనుకుంది పాపాయమ్మ. అనుకున్నాక ఆ మాట గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. చివరికి సూదినీ దారపుండనీ కొంగున కట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, ఒక్కతే వీధిలోకి నడిచింది. ఎవరెవరు చూస్తున్నారో తలెత్తి చూడలేదు.

రేవులో దీనమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర, కొత్త గొడుగు. పాపాయమ్మని చూసి గభాలున లేచి నిలబడింది.

"మీరా అండీ! ఒక్కరే వచ్చారా?"

"ఏం, టీచరుగారి దర్శనానికి రాకూడదా?"

దీనమ్మ తల దించుకుంది. "బల్ల మీద మీ పువ్వులు కనబడ్డాయండి. చెయ్యి ఆగలేదు. పేరు రాసుకుంటంటే నిజం చెబుదావనే అనుకున్నానండి. ఆశ పుట్టిందండి. నోరు పెగల్లేదు."

"నాకూ పుట్టింది ఆశ. మా చంద్రం కాయితం రాత్తానంటన్నాడు."

"రాయించండి. ఎనక్కి ఎల్లిపోమంటే ఇప్పుడే ఎల్లిపోతాను. రేపు ఆ పిల్లలకి ఏం చూపించాలో తెలీక అన్నం దిగటం లేదండి."

అవతలి రేవులో పంటు ఇంకా బస్సు ఎక్కించుకుంటోంది. పాపాయమ్మ రేవు మెట్టు మీద కూర్చుని కొంగు ముడి విప్పింది.

"కూర్చో. ముందు గొలుసు. ఊఁ, గుండ్రంగా కలుపు. ఇప్పుడు రేకు. గట్టిగా లాగకు, అది ముడి కాదు."

దీనమ్మ వేళ్లు మొరాయించాయి. ఒక రేకు లావైంది, ఒకటి చిక్కిపోయింది. పాపాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తిప్పింది, విసుక్కుంది, మొద్దావతారం అని తిట్టింది. తిట్టాక ఇద్దరికీ నవ్వొచ్చింది. పెరటి మెట్టు మీద కూర్చున్నట్టే ఉంది.

"మరి నాకు అతుకు ఎప్పుడు చూపిత్తావే?" అంది పాపాయమ్మ.

"సెలవులకొచ్చి నేర్పుతానండి, ఆయ్."

పంటు వచ్చి ఒడ్డుకు తగిలింది. జనం తోసుకున్నారు. దీనమ్మ ఆఖరి రేకు గబగబా ముగించి, వంగి ఏదో సర్ది, పువ్వుని పాపాయమ్మ అరచేతిలో పెట్టి, పెట్టె ఎత్తుకుని పరుగెత్తింది. సూది ఆమె చేతిలోనే వెళ్లిపోయింది. గొడుగు ఒకసారి పైకి లేచింది, తర్వాత మనుషుల మధ్య కనబడలేదు.

పాపాయమ్మ పంటు నది మధ్యకు చేరేదాకా నిలబడి, ఆపైన గుప్పిట విప్పింది. వంకరటింకర పువ్వు. ఆరు రేకులుండాల్సిన చోట అయిదే ఉన్నాయి. ఇంట్లో బుట్టెడు పువ్వులు అతుకు కోసం ఎదురుచూస్తున్నాయి. వాటిలో దీన్నీ కలుపుదామని కొస కోసం వేలితో అంచంతా తడిమింది, దొరకలేదు. దీనమ్మ అలవాటు కొద్దీ ముడి వేసి, మిగిలిన దారాన్ని పంటితో మొదలంటా కొరికేసిన పువ్వు అది.