ఆవజ్రి

నన్నడిగితే, రచయితలు ‘నేనెలా రచయితనయ్యాను’ అని చెప్పుకునే సభకంటే రోత పుట్టించేది ఇంకోటి లేదు. సందు దొరికితే చాలు, కోతలే కోతలు. ఆ ఆదివారం గ్రంథాలయం మేడమీద జరిగిందీ అదే. మాయాలోకాల నవలలు రాసి, సొంతంగా అచ్చేసుకున్న వాళ్లంతా చేరారు. ఒకాయనకి ఏడో ఏట పాము కలలోకొచ్చి కథ మొత్తం చెప్పి వెళ్లిందట. ఇంకొకావిడ చేతిలో పెన్ను దానంతటదే కదిలిందట. అంతమందిలో నిజం చెప్పింది బస్సు డ్రైవరొక్కడే. డిపోలో తన బండి వంతు వచ్చేదాకా ఊసుపోక రాశానన్నాడు. ఆయనకి చప్పట్లు పడలేదు.

తర్వాత మైకు మా బాబాయి చేతికొచ్చింది.

మా బాబాయిది కట్టుడు పళ్లు చేసే లాబ్. నాన్న పోయాక నన్ను తీసుకెళ్లి అక్కడ బల్ల ముందు కూర్చోబెట్టాడు. పన్నెండేళ్లయింది. డాక్టర్లు పంపే నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంలో పళ్లు పేర్చేది నేనే. ఎవరి ఉమ్మో ఆరిపోయి, ఎవరి నెత్తురు చారో అంటుకుని వస్తాయవి. ముందు కడగాలి, తర్వాత మన చేతులు కడుక్కోవాలి, ఎంత కడిగినా వాసన పోదు. డాక్టర్ ఫోన్ చేసి ఏ చిన్న సంగతి అడిగినా బాబాయి ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నావైపు తిరిగి, ఏం రంగు వేశావమ్మా, ఏం కొలత పెట్టావమ్మా అంటాడు. నేను చెప్పింది అటువైపుకి తన విద్యలా చేరవేస్తాడు.

ఒకరోజు వచ్చిన అచ్చులో ఒక్క పన్ను కూడా లేదు. చీటీ మీద చూస్తే వయసు పంతొమ్మిది. ఆ పిల్ల పళ్లన్నీ ఏమయ్యాయోనని రోజంతా మనసు పీకింది. చివరికి ఆ చీటీ వెనకే రాయడం మొదలుపెట్టాను. అదొక రాజ్యం. అక్కడ పన్నంటే నిజంగా పన్నే. ఏడాదికొకటి పీకి రాజుగారి ఖజానాకి కట్టాలి. కట్టనంటే కట్టనని మొండికేసిన పిల్ల ఒకతి ఉంటుంది. దానికి కల అని పేరు పెట్టాను. రోజూ భోజనాల వేళ లాబ్ కంప్యూటర్‌లో కొట్టుకుంటూ పోతే పదేళ్లకి పెద్ద నవలయింది.

సభకి నాలుగు నెలల ముందు, వైరస్ పట్టిందని చెప్పి బాబాయి ఆ కంప్యూటర్ మొత్తం తుడిపించేశాడు. నా నవల పోయింది. వారం రోజులు ముద్ద దిగలేదు. ఆయనే నా తల నిమిరి, మళ్లీ రాసుకోవచ్చులే అని ఓదార్చాడు. సభకి మూడు రోజుల ముందు లాబ్‌కి పుస్తకాల పెట్టెలు వచ్చాయి. అట్ట మీద బాబాయి ఫొటో, బాబాయి పేరు. లోపల పన్ను కట్టనన్న నా పిల్ల. ఇప్పుడు దాని పేరు వజ్ర.

వెళ్లి నిలదీశాను. మనిషికి సిగ్గయినా లేదు.

“అట్ట మీద మన ఇంటిపేరే ఉంది కదమ్మా. ఆ పక్కన ఎవరి పేరుంటే ఏంటి?” అన్నాడు.

పిన్ని నన్ను పక్కకి పిలిచి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టొద్దని చెప్పింది. సభలో నోరు విప్పితే సోమవారం నుంచి లాబ్‌కి రానక్కర్లేదని కూడా చెప్పింది. రుజువంటూ నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఈ సభ ఒకటి గడిచిపోతే నా పిల్ల జన్మజన్మలకీ ఆయన పిల్లే.

ఒక కాపీ ఇంటికి తీసుకెళ్లి పళ్లు కొరుక్కుంటూ చదివాను. అక్కడక్కడ తలాతోకా లేని మాటలు తగిలాయి. ముందు అచ్చుతప్పులనుకున్నాను. కాసేపటికి బోధపడింది. బాబాయి ఆ నవల చదివిన పాపాన పోలేదు. టైపింగ్ షాపతనికిచ్చి, పిల్ల పేరు కాస్త మెరిసేలా మార్చమని ఉంటాడు. అతను ఒక్క మీట నొక్కి, కల అన్న చోటల్లా వజ్ర అని దించేశాడు. వేరే మాటల మధ్యలో ఆ రెండక్షరాలుంటే వాటినీ వదల్లేదు. తర్వాత చాలావరకు దిద్దాడు కానీ కొన్ని మిగిలిపోయాయి.

ఇక సభలో బాబాయి మైకు పట్టుకుని ఏం చెప్పాడనుకున్నారు? ఒకరోజు ఒక్క పన్ను కూడా లేని అచ్చు తన చేతికొచ్చిందట. పంతొమ్మిదేళ్ల పిల్లదట. చీటీ వెనకే రాయడం మొదలుపెట్టాడట. నవల పోయినప్పుడు ఏడుస్తూ ఆయనకి నేను చెప్పుకున్నదే అదంతా. పుస్తకం చాలక నేను నడిచొచ్చిన దారి కూడా ఎత్తుకుపోయాడు. మధ్యలో గొంతు వణికించి, కళ్లు కూడా ఒత్తుకున్నాడు. ఆయన నోట్లో ఉన్న పళ్ల సెట్టు నేను చేసిందే. నా పళ్ల మధ్య నుంచి నా మాటలే జారిపడుతున్నాయి. సొమ్మొకడిది, సోకొకడిది. జనం మాత్రం చప్పట్లు దంచారు.

ఎవరో ఒక పేజీ చదివి వినిపించమన్నారు. బాబాయి జేబులు తడుముకున్నాడు. కళ్లజోడు కారులో ఉండిపోయిందట. మా అన్న కూతురు, నా దగ్గరే పనిచేస్తుంది అని నన్ను చూపించి, నన్నే చదవమన్నాడు. ఏ పేజీ అయినా ఫర్వాలేదన్నాడు. ఏ పేజీయో నాకు తెలుసు. ఒక్క అక్షరం మార్చకుండా, ఉన్నదున్నట్టు చదివాను.

“మూడు రోజులుగా వజ్రకి ఆవజ్రి. వజ్రం పట్టి ఉత్తరం రాసే ఓపిక కూడా లేదు. ఆవజ్రితోనే తెల్లారుతోంది, ఆవజ్రితోనే పొద్దుగూకుతోంది. ఊరంతా వజ్రవరం.”

ముందు వరసలో ఒకావిడ, ఆవజ్రి అంటే ఏదైనా జబ్బా అని అడిగింది. బాబాయి తడబడితే ఒట్టు.

“అది ఆ రాజ్యపు భాషండీ. కష్టపడి నేనే కనిపెట్టాను,” అన్నాడు.

మళ్లీ చప్పట్లు. ఒకాయన ఆ మాట నోటు పుస్తకంలో రాసుకున్నాడు కూడా. ఛీ, వీళ్ల మొహాలు మండ. దొంగతనం చేస్తూ జారవిడిచిన ముక్కని కూడా పాండిత్యం కింద జమకట్టేశారు. నాకు ఆశ చచ్చిపోయింది. పుస్తకం మూసేశాను.

అప్పుడు వెనక వరసలోంచి బస్సు డ్రైవరు లేచాడు.

“అది భాష కాదు సార్. కంప్యూటర్‌లో పేరు మారిస్తే పడే మరక. నా పుస్తకంలోనూ పడింది,” అన్నాడు మర్యాదగానే. “ఇంతకీ ముందు ఆ పిల్ల పేరేంటండీ?”

అదేమన్నా బ్రహ్మవిద్యా? ఆకలి అన్న మాట తెలిసినవాళ్లెవరైనా ఇట్టే చెప్పేస్తారు. పన్నెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? బాబాయి మైకు నోటి దగ్గరే ఉంచుకుని నావైపు తిరిగాడు.

“ఏం పేరు పెట్టావమ్మా?”

ఆ మాట హాలు చివరిదాకా వినిపించింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిన్ని తల దించుకుంది. సోమవారం సంగతి నాకు గుర్తొచ్చింది.

“కల,” అన్నాను.

డ్రైవరు పెన్ను తీసి, సభలో కొన్న తన కాపీలో వజ్రని కొట్టేసి, కల అని దిద్దుకున్నాడు. తర్వాత ఆ పుస్తకం నా ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. అట్ట మీద బాబాయి నేను చేసిన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. దాన్ని ముట్టుకోవాలంటేనే అసహ్యమేసింది. అయినా పెన్ను అందుకున్నాను. ఇంటిపేరు వదిలేసి, నా పేరొక్కటే రాశాను.