వంటింటి మీది పాత రేకులు

వాన మొదలైందంటే నీలిమ ముందు ఉప్పు డబ్బా జరుపుతుంది. ఆ తర్వాత పొయ్యికి కుడిపక్క ఒక బేసిను, బియ్యం డ్రమ్ము మీద ఒక పళ్ళెం, గడప దగ్గర ఒక చెంబు. వంటింటి జింకు రేకుల్లో బొక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పుంగనూరులో ఆ ఇంటికి కోడలై వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమెను అడిగినవాళ్ళు లేరు, ఇంటి పైకప్పు మార్చాలని మొగుడు మునికుమార్ అనుకున్న రోజు కూడా.

బొక్కలతో ఆమె ఎప్పుడో రాజీపడింది. పడలేనిది చప్పుడుతోనే. రేకుల మీద వాన పడితే వంటింట్లో తన మాట తనకే వినపడదు. కుప్పంలో వాళ్ళ పుట్టింటిది పెంకుల కప్పు. బయట ఎంత వాన కొట్టినా అమ్మ పొయ్యి దగ్గర, తను పీట మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి గురించీ మాట్లాడుకునేవాళ్ళు. వానొస్తే కబుర్లు అనుకుని పెరిగిన పిల్ల, ఇక్కడికొచ్చి వానొస్తే నోరు మూసుకోవడం నేర్చుకుంది.

కిందటి కార్తీకంలో రాగిసంగటి గెలుకుతుంటే తపేలా జారి ముంజేతి మీద పడింది. అరిచింది. మళ్ళీ అరిచింది. పది అడుగుల దూరంలో, హాల్లో, మునికుమార్, అత్త పాపమ్మ వానకు పోటీగా టీవీ సౌండు పెంచుకుని కూర్చున్నారు. నీలిమ చేతిని నీళ్ళ బకెట్లో ముంచుకుని ఒక్కతే నేల మీద కూర్చుంది. వాన కాస్త తెరిపిచ్చాక ఆయన గడప దగ్గరికి వచ్చి, "సంగటి ఇంగా కాలేదా?" అన్నాడు. చెయ్యి చూసి పాపం బాధపడ్డాడు, మందు కూడా తెచ్చాడు. "పిలిస్తే రామా? పిలవాల కదా!" అన్నాడు. పుండు మానింది కానీ ఆ మాట ఇంకా మానలేదు.

అందుకే పైకప్పు మాట రాగానే ఆమె నోరు తెరిచి అడిగింది. "వంటింటికి సప్పుడు రానిది ఏదన్నా ఏపిద్దాం." ఆయన "సూద్దాంలే" అన్నాడు. ఆ 'సూద్దాంలే'ను పట్టుకుని వారం రోజులు సంతోషంగా ఉందంటే, ఆమెను చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

మదనపల్లెలో గోవిందరాజులు రేకుల అంగడికి ఇద్దరూ బండి మీద పోయారు. గోడకు ఆనించిన నమూనాల్లో ఒకదాని దగ్గర నీలిమ ఆగింది. రెండు రేకుల మధ్య నురగలాంటిది దట్టంగా పెట్టి అతికించారు. వేలితో కొట్టి చూసింది. బొత్తిగా చప్పుడు లేదు.

"పఫ్ ప్యానెల్ అంటారు సార్," అన్నాడు గోవిందరాజులు, కొట్టి చూసింది ఆమె అయినా. "ఎండ దిగదు, వాన సప్పుడు రాదు. లోపల గుసగుసలాడుకున్నా ఇనపడతాది."

"ఇదే," అంది నీలిమ. "ఇదే," అన్నాడు మునికుమార్ కూడా. మొగుడూ తనూ ఒకే మాట అనడం ఆమెకు భలే ముచ్చటేసింది. ఆయన కొలతలు చెప్పేదాకానే ఆ ముచ్చట. చెప్పింది హాలు కొలతలు మాత్రమే.

"మరి వంటింటికి?"

"హాలు మీద ఊడదీసే రేకులు గట్టిగానే ఉండాయి కదా, అవి ఏపిస్తాం. వానొస్తే టీవీ ఒక్క ముక్క ఇనపడకుండా ఉండాది, అందుకే హాలుకు ఇది."

"నేను సెప్పినాను కదా..."

"వంటింట్లో కూర్చునేదెవురు?" అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

గొడవెందుకని కాబోలు, గోవిందరాజులు రంగుల అట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "రంగు మాత్రం మేడమే సెప్పాల." బళ్ళో నలభైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే టీచరమ్మ నీలిమ ఆ అట్ట వైపు చాలాసేపు చూసి, "నీలం" అంది.

ఇంటికొచ్చాక పాపమ్మ, "వంటింటికి కొత్తవి యాల అమ్మీ, పొగ పట్టేదానికా?" అంది. గ్యాసు వచ్చి పదేళ్ళు దాటింది, అత్త మనసులో పొగ మాత్రం పోలేదు. నీలిమకు కోపం రాబోయి ఆగిపోయింది. తనకంటే ముందు ఆ రేకుల కింద ఉన్నది ఈమే కదా. ఈమె ఏం అరిచిందో, ఎవరికి వినపడలేదో.

రేకులు బిగించే నాగేంద్ర రెండు రోజుల్లో పని ముగించాడు. "అక్కా, పాత మేకుల బొక్కలకు తారు పూసినాను. కారితే ఒక మాట సెప్పు," అన్నాడు. కారేటప్పుడు చెప్తే ఎవరికి వినపడుతుందప్పా అనుకుంది నీలిమ. పైకి మాత్రం తలూపింది.

ఆ ఆదివారం మునికుమార్ తల్లిని తీసుకుని వి.కోటలో పెండ్లికి పోయాడు. పరీక్ష పేపర్లు దిద్దాలని నీలిమ ఉండిపోయింది. పేపర్లు తీసింది, మళ్ళీ పెట్టేసింది. వంటింట్లో నిలబడి ఆ తారు మచ్చల వంక చూస్తుంటే ఏడుపొచ్చింది. ఎవరికీ వినపడని చోటే కదా, గట్టిగానే ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, కొంగు బిగించి, గ్యాసు రెగ్యులేటరు తిప్పి ఊడదీసింది.

మధ్యాహ్నమంతా పట్టింది. సిలిండరు దొర్లించుకుంటూ పోవాల్సి వచ్చింది. టీవీ వైరు చాలక కిటికీలోంచి లాగింది.

పొద్దు గూకే వేళకు వాన పట్టుకుంది. తల్లీకొడుకులు తడిసి ముద్దయి వచ్చారు. హాల్లో కిటికీ పక్కన బల్ల మీద పొయ్యి, పొయ్యి మీద సంగటి.

"ఇదేంది? టీవీ యాడ?"

"వంటింట్లో ఉండాది. మీ కుర్చీ కూడా ఆడే ఏసినాను."

మునికుమార్ విసురుగా వంటింట్లోకి పోయాడు. టీవీ సౌండు పెంచాడు, ఇంకా పెంచాడు, రెండు నిమిషాలకే తిరిగొచ్చాడు. "ఆడ ఒక్క ముక్క ఇనపడదే! మనిషనేవాడు ఎట్ల కూర్చుంటాడు ఆడ?"

పాపమ్మ తడి కొంగు పిండుకుని, కొడుకు వైపు చూడకుండా పొయ్యి పక్కన పీట వాల్చుకుని కూర్చుంది.

నీలిమ సంగటి గెలకడం ఆపలేదు, గొంతూ పెంచలేదు. "పద్దెనిమిదేండ్లు నేను కూర్చున్నట్లే," అంది.

బయట వాన దంచికొడుతోంది. ఆమె అన్నది ఆయనకు మొత్తం వినపడింది.