పొట్టీ, ఒక ప్రాణం ఇవ్వవే

నాకు ఇద్దరే పిల్లలు. పెద్దది ఆడపిల్ల, బస్సు కండక్టరు. చిన్నోడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాడు దానికన్నా చిన్నే గానీ తాడిచెట్టులా పెరిగాడు. అది మాత్రం నా పోలిక, గుప్పెడంత. అక్కా అని పిలవరా అని నేనెంత మొత్తుకున్నా వాడి నోట ఆ మాట రాలేదు. "పొట్టీ" అనేవాడు. ఇంకెవరన్నా అంటే మీద పడి రక్కే పిల్ల, వాడంటే మాత్రం "ఏంట్రా నిచ్చెనా" అని పలికేది. ఇద్దరికీ తల నెరుస్తున్నా ఇదే పిలుపు. పెళ్ళి మాటెత్తితే చాలు వాడికి ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చేది, అలా తప్పించుకుని తప్పించుకుని నా దగ్గరే ఉండిపోయాడు.

పోయిన ఏడు వాడికి జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. అది మెదడుకెక్కింది. ఆస్పత్రిలో గాజు తలుపుకి అవతల వాడు, ఇవతల మేము. ఏం చెప్పను, ఆ రోజులు పగవాడికి కూడా వద్దు. కళ్ళు తెరిచాడని చెప్పి నన్ను లోపలికి రమ్మన్నారు. వాడు నా వంక చూశాడు. "అమ్మా" అన్నాడు.

ఇక నా కాళ్ళు నేల మీద నిలబడితేనా! నా కొడుకు నన్ను గుర్తుపట్టాడని వరండా అంతా చెప్పుకుంటూ తిరిగాను. నర్సుకి చెప్పాను, కాపలా అతనికి చెప్పాను, బెంచీ మీద ఎవరో ముసలాయనుంటే చెవుడని తెలియక ఆయనకి మళ్ళీ మళ్ళీ చెప్పాను. తిరిగి లోపలికెళ్ళేసరికి నేల తుడిచే ఆవిడ మంచం పక్కనుంది. వాడు ఆవిడ వంక చూసి "అమ్మా, నీళ్ళు" అన్నాడు. నర్సు సూది తీసుకొస్తే "అమ్మా, మెల్లిగా" అన్నాడు.

మన మాటలో ఉన్న చిక్కే అది. కన్నదీ అమ్మే, కూరలు తెచ్చేదీ అమ్మే. నేనెవర్నిరా అని అడిగితే "అమ్మ" అని నవ్వేవాడు. మరి ఆ నర్సెవరురా అంటే "అమ్మే" అనేవాడు. ఇంటికి తెచ్చుకున్నాక కూడా అంతే. "అమ్మా, అన్నం." "అమ్మా, చాలు." ముక్తసరిగా రెండు మాటలు. నన్ను నువ్వు అనడు, మీరు అనడు. ఆ అమ్మ నేనో కాదో తేలక నేను రోజూ వాడికి ముద్దలు కలిపి పెట్టేదాన్ని.

పెద్దదానికి ఆ చిక్కు కూడా లేకపోయింది. డ్యూటీ దిగి అదే యూనిఫాంలో పరిగెత్తుకొస్తే, "నమస్తే అండీ, కూర్చోండి" అన్నాడు. అది వంటింట్లోకొచ్చి పైటతో నోరు నొక్కుకుంది.

"నన్ను అండీ అన్నాడమ్మా. తిట్టినా బాగుండేది."

అప్పటినుంచి మా ఇద్దరిదీ ఒకటే ధ్యాస. వాడి నోట పొట్టి అన్న మాట రావాలి. అది వచ్చిందంటే దాని తమ్ముడు దానికి దొరికినట్టే. అక్కే గుర్తొచ్చాక తల్లి గుర్తురాకుండా పోతుందా అని నా ఆశ.

డాక్టరమ్మ మంచిది. చిన్నప్పటివి ముందు తిరిగి రావచ్చు, పాత వస్తువులేమన్నా ఉంటే చూపించండి అంది. ఫోటోలు చూపించాం. వాడి స్క్రూడ్రైవర్లు చూపించాం. వాటిని తుడిచి, సైజులవారీగా పేర్చి, "మంచి సెట్టండీ, ఎవరిది?" అని పెద్దదాన్ని అడిగాడు.

అప్పుడు దానికి ఓడాట గుర్తొచ్చింది.

ఇది మీకు చెప్పాలి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నాకు ఇస్త్రీ షాపుండేది. ముందు గదిలో నా బల్ల, వెనక గదిలో ఉతికిన బట్టల మూటలు, వాటి మధ్య ఒక డొక్కు టీవీ. దానికి తగిలించి ఆడే ఆట ఒకటి వాళ్ళ నాన్న ఎవరి దగ్గరో పాతది తెచ్చాడు. క్యాసెట్టు మీద కాగితం ఊడిపోయింది, పేరేంటో ఎవరికీ తెలీదు. ఆకాశంలో ఒక ఓడ పోతుంటుంది, ఎదురొచ్చిన వాటినల్లా కాలుస్తుంటుంది, కాబట్టి ఓడాట. నా కంటికి మాత్రం ఆ ఓడ పోతున్నట్టే ఉండేది కాదు. అది ఉన్నచోటే ఉంటుంది, చుక్కలున్న నల్లటి గుడ్డని దాని కిందనుంచి ఎవరో లాగేస్తున్నట్టుండేది. నేను రోజంతా చేసే పనే కదా. ఇస్త్రీ పెట్టె మీదే చూపు పెడితే, అది ఉన్నచోటే ఉండి కింద గుడ్డ జరుగుతున్నట్టుంటుంది.

ఇద్దరికీ రెండు ఓడలు. పైది దానిది, కిందిది వాడిది. దారిలో ఎర్రటి గోడలుండే చోటొకటొచ్చేది, పైనుంచీ కిందినుంచీ పళ్ళు మొలుచుకొచ్చి ఓడని నమిలేసేవి. వీళ్ళు దానికి చిగుళ్ళ సందు అని పేరు పెట్టారు. వాడు ఎప్పుడూ అక్కడే పోయేవాడు. తొందరెక్కువ, మధ్యలోంచి దూరతానంటాడు. ఓడ పగిలినప్పుడల్లా ఒక ప్రాణం పోతుంది, ఉన్నవన్నీ అక్కడే తగలేసేవాడు. కానీ ఆ ఆటలో ఒక మంచి గుణముంది. పక్కవాళ్ళకి ప్రాణాలు మిగిలుంటే ఒకటి ఇవ్వొచ్చు. ఏదో మీట నొక్కితే ఇచ్చేవాళ్ళకి ఒకటి తగ్గి, చచ్చినవాళ్ళ ఓడ లేస్తుంది.

ఇక బేరం మొదలయ్యేది. నా బల్ల దగ్గరికి వినిపించేది.

"పొట్టీ, ఒక ప్రాణం ఇవ్వవే!"

"అక్కా అను, ఇస్తాను."

"చచ్చినా అనను."

"చచ్చే ఉన్నావు కదరా!"

"ఇవ్వవే పొట్టీ, ఆ పళ్ళు మూసుకుపోతున్నాయి!"

అది బాగా ఏడిపించి ఏడిపించి, ఆఖరికి ఇచ్చేది. వాడు అక్కా అన్న పాపాన పోలేదు, అది ఇవ్వకుండానూ ఊరుకోలేదు. బట్టలకోసం వచ్చినవాళ్ళు కూడా ఆ కొట్లాట విని నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడు అలాంటి పాత ఆటలన్నీ ఒకే చిన్న పెట్టెలో పోసి అమ్ముతున్నారట. ఆటకి పేరు తెలీదాయె, పెద్దది షాపులో ఏమని అడుగుతుంది? "చిగుళ్ళుంటాయి, పళ్ళు మూసుకుంటాయి" అని చెబితే ఆ షాపతను పళ్ళ డాక్టరు పక్క సందులో ఉన్నాడన్నాడట. అయినా అది వదల్లేదు. ఒక్కోటీ పెట్టించి చూసి, పట్టుకొచ్చింది.

దానికి సెలవున్న రోజు, మధ్యాహ్నం అన్నాలయ్యాక, టీవీ వెనక కూర్చుని తీగలు తగిలించింది. వాడు కుర్చీలోంచి చూస్తున్నాడు.

"కరెంటు పనాండీ? స్విచ్చి ఆపి ముట్టుకోండి."

"ఆపానండీ," అంది నా కూతురు. పెదవి కొరుక్కుంటూ అంది.

పాట మొదలైంది. ఓడ బయల్దేరే ముందు వచ్చే పాట, టింగు టింగుమని. వాడి కాలు కదిలింది. ముందు బొటనవేలు, తర్వాత పాదమంతా. కుర్చీలోంచి కిందికి జారి నేల మీద మఠం వేసుకున్నాడు. కుడి పక్కన మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. పెద్దది ఒక మీటల పెట్టె వాడి చేతిలో పెట్టి, రెండోది తను పట్టుకుని, వదిలిన ఆ చోట్లో మెల్లిగా కూర్చుంది. నేను వెనక మంచం మీద ఉన్నాను.

ఆ వేళ్ళు చూడాలి మీరు! చొక్కా గుండీ పెట్టుకోలేని వేళ్ళు, ఎక్కడ ఏ మూలనుంచి ఏది ఊడిపడుతుందో ముందే తెలిసినట్టు పరిగెత్తాయి. చిగుళ్ళ సందు వచ్చింది. మధ్యలోంచి దూరాడు. పోయాడు. మళ్ళీ దూరాడు, మళ్ళీ పోయాడు. ఉన్నవన్నీ అయిపోయాయి. దాని ఓడ ఒక్కటే మిగిలింది పైన.

"పొట్టీ!" అని అరిచాడు. టీవీ మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "పొట్టీ, ఒక ప్రాణం ఇవ్వవే!"

అది ఇక ఆగగలదా? ఏడాదిపాటు ఆ మాట కోసమే మొహం వాచిపోయి ఉన్న పిల్ల. కళ్ళనుంచి ధారలు కారుతుంటే ఠక్కున మీట నొక్కేసింది. "ఇచ్చానురా, తీసుకో నాన్నా, ఎన్ని కావాలంటే అన్ని తీసుకో," అంది.

వాడి ఓడ లేచింది. వాడి చెయ్యి ఆగిపోయింది.

మెల్లిగా తల తిప్పి దాని మొహంలోకి చూశాడు. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, తడిసిన చెంపలు, అన్నీ చూశాడు.

"అడగ్గానే ఇచ్చేశారేంటండీ?" అన్నాడు. "మా పొట్టి అలా ఇవ్వదు."

"నేనేరా పొట్టిని. ఒరేయ్, నిచ్చెనా, నేనేరా."

వాడికి ఇబ్బందిగా అనిపించింది. పరాయి ఆడమనిషి ఏడుస్తుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కొంచెం జరిగి కూర్చున్నాడు. "ఏమీ అనుకోకండి. అది మా పొట్టి కూర్చునే చోటు. మంచినీళ్ళకి వెళ్ళుంటుంది, వచ్చిందంటే గొడవ చేస్తుంది. కాస్త లేస్తారా?"

లేచింది. నా తల్లి లేచింది. చేతిలోది కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళి తలుపు చాటున నిలబడింది. నాకు అక్కణ్ణుంచి దాని భుజం ఒక్కటే కనబడుతోంది, ఎగిరెగిరి పడుతోంది. వాడు ఆ ఖాళీ చోటు వంకా తలుపు వంకా చూస్తున్నాడు. ఎదురుచూస్తున్నాడు, మొహంలో బెంగ మొదలైంది.

అప్పుడు లోపలినుంచి గొంతు వచ్చింది. బస్సు వెనక సీటుదాకా వినబడే కండక్టరు గొంతు.

"అక్కా అను, ఇస్తాను!"

వాడి మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళయిందో ఆ వెలుగు చూసి.

"చచ్చినా అనను పోవే! తొందరగా రా, నీ ఓడ కొట్టుకుపోతోంది!"

"వస్తున్నానురా, ఆడుతుండు!"

వస్తుందని వాడు మళ్ళీ తెర వైపు తిరిగాడు. అది రాకూడదని, వచ్చి కనబడిందంటే వాడి పొట్టి ఉండదని, వాడికెవరు చెబుతారు? పైన దాని ఓడ దిక్కులేకుండా తేలుతోంది, ఎర్రటి గోడ దగ్గరికొచ్చేస్తోంది. వాడు కంగారుగా చుట్టూ చూశాడు. నేను కనబడ్డాను.

"అమ్మా!" అన్నాడు. ఆ పిలుపులో ఎంత చనువుందో! నా ప్రాణం లేచొచ్చింది. "అమ్మా, అది వచ్చేదాకా దాని ఓడ మీరు పట్టుకుంటారా?"

మీరు అన్నాడు.

నేను మంచం దిగి, మోకాళ్ళు పట్టుకుని నా కూతురు లేచిన చోట కూర్చున్నాను. ఆ మీటల పెట్టె ఇంకా వెచ్చగా ఉంది. ఏది నొక్కాలో తెలీదు. ఏదో నొక్కాను, ఓడ తిన్నగా పోయి పళ్ళకి గుద్దుకుంది.

"పర్వాలేదమ్మా," అన్నాడు నా కొడుకు, నా చెయ్యి తట్టి. "మీకు కొత్త కదా."