ఉష పంపిన తాయెత్తు

మునీశ్వరి రెండో సంగటి ముద్ద పులుసులో అద్ది అత్త నోటి దాకా తీసుకుపోయేసరికి ఫోను మోగింది. ఎడమ చేత్తో తీసి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. ఎవరని చూడాల్సిన పని లేదు. పొద్దున్నే ఆ ఇంటికి ఫోను చేసేది ఆడపడుచు ఒక్కతే.

"వదినా! అమ్మ పడిందంట! యాడుండావు నువ్వు?" కుప్పం నుంచి ఉషారాణి గొంతు రోడ్డు దాకా వినిపించింది.

"ఎవురు చెప్పినారు?"

"నా ఫోనుకు వచ్చింది కదా, కూత పెడతా ఉండాది!"

"పడల్యా. మెడలో బిళ్ల తీసి గోడకేసి ఇసిరింది. పడింది అది. మీయమ్మ నా ముందర కూర్చోని సంగటి తింటాంది."

అవతల ఉషారాణి ఊపిరి పీల్చుకుంది. "మళ్లీ మెడలో ఎయ్యి వదినా. ఇంకోటి, ఆ దారం మాత్రం ఈ పొద్దే ఇప్పేయి. మొన్న వచ్చినప్పుడు మావాళ్లు సూసి, మీయమ్మను ఆవును కట్టేసినట్టు కట్టేస్తారా అనేసినారు. నాకు తల తీసేసినట్టయింది. ఇప్పుడు మిషన్ ఉండాది కదా. అది సూసుకుంటాది."

మునీశ్వరి ఫోను పెట్టేసింది. చేతిలో ముద్ద ఆరిపోతోంది. అత్త సిద్ధమ్మ నోరు తెరిచే ఉంచి, తినిపించే చెయ్యి ఆగిపోయిందేమా అని చూసింది.

"పెట్టు ఉషా," అంది కోడలితో.

ఆ పేరు వింటే మునీశ్వరి కడుపులో రోజూ మంట లేస్తుంది. అరవై దాటిన వాళ్లకు కోడళ్ల మీద కోపాలుంటాయి, అది లోకం తీరు, దానికి ఎవరూ ఏడవరు. కానీ సిద్ధమ్మకు కోపం కూడా లేదు. మతిమరుపు జబ్బు మొదలై కూరలో రెండుసార్లు ఉప్పేసిన రోజుల నుంచి ఒక్కొక్కరినే మరిచిపోతూ వచ్చింది. ముందుగా మరిచిపోయింది కోడలినే. కొడుకు ధనుంజయను తన తమ్ముడనుకుంటుంది. మిగిలింది ఉష ఒక్కతే. వీపు రుద్దిన చెయ్యీ ఉషదే, చీర మార్చిన చెయ్యీ ఉషదే. "తల బాగా దువ్వినారే అవ్వా, ఎవురు?" అని వీధిలో ఎవరన్నా అడిగితే, "మా ఉష" అని జడ ముందుకేసి చూపిస్తుంది. ఆ ఉష ఏడాదికి మూడు నాలుగుసార్లు కారులో వచ్చి, యాపిల్ పండ్లు పెట్టి, సాయంత్రానికి వెళ్లిపోతుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనని మునీశ్వరి గిన్నెలు తోముతూ గిన్నెలతోనే చెప్పుకునేది.

మొదట్లో సరిదిద్దేది. "నేను మునీశ్వరినత్తా, పుంగనూరు పిల్లను, నీ కోడల్ని," అనేది. సిద్ధమ్మ మర్యాదగా నవ్వి, "అట్లనా అమ్మా, కూర్చో, మా ఉష వస్తాది, కాఫీ ఇస్తాది," అనేది. దాని తర్వాత సరిదిద్దడం మానేసింది. ఉషా అంటే ఊఁ అనడం నేర్చుకుంది. ఊఁ అన్న ప్రతిసారీ తన చేతి పని ఇంకొకరి పేరున జమ అయిపోతున్నట్టుండేది.

పుంగనూరులో సొంత తల్లి మంచాన పడినప్పుడు మునీశ్వరి పోలేకపోయింది. అప్పుడే సిద్ధమ్మ బచ్చలింట్లో జారి మణికట్టు విరగ్గొట్టుకుని ఉంది. చివరికి పోయేసరికి తల్లి శవానికి స్నానం చేయించి, బొట్టు పెట్టి, గోడకు ఆనించి కూర్చోబెట్టేశారు. కన్నతల్లికి ఒక్కపూట తల దువ్వే రాత లేకపోయింది. ఆ దువ్వడమంతా ఇక్కడ అత్తకే చేసింది. ఆ దువ్విందీ ఉష ఖాతాలోకే పోయింది. కుళ్లు ఉండదా మరి? ఉంటుంది. ఎవరికైనా ఉంటుంది.

బిళ్ల సంగతి పోయిన నెలది. ఉషారాణి భర్త ప్రతాప్‌కు కుప్పంలో మందుల షాపు. ముసలివాళ్లు పడిపోతే ఇంట్లోవాళ్లకు తెలిపే సామాన్లు ఎన్ని రకాలున్నాయో ఉషారాణి ఆ రోజు మంచం మీద కూర్చుని వరసగా చెప్పి, తర్వాత ఒక్కొక్కటే పంపుతూ వచ్చింది. మంచం పక్కన పరిచే చాప ఉంటుంది, కాలు పెడితే మోగుతుంది. ఆ చాపను సిద్ధమ్మ రెండోరోజే చుట్టి, చుట్టాలొస్తే వెయ్యాలని చంకలో పెట్టుకుని తిరిగింది. చేతికి కట్టే గడియారం ఉంటుంది. దాన్ని పళ్లతో కొరికింది. గోడకు కెమెరా ఉంటుంది. దానికి మునీశ్వరే అడ్డం పడింది. "నేను కొంగు తీసి సెమట తుడుచుకునేది గూడా మీరు కుప్పంలో కూర్చోని సూడల్లనా?" అని అడిగేసింది. ఇక మిగిలింది మెడలో వేసే బిళ్ల. తెల్లటిది, బాదంకాయంత. మనిషి దబ్బున పడితే ఉషారాణి ఫోనుకూ, ధనుంజయ ఫోనుకూ కబురు పోతుంది.

"నాకు?" అని మునీశ్వరి అడిగింది.

"నీది బటన్ల ఫోను కదా వదినా. దానికి రాదు," అంది ఉషారాణి. తప్పుగా ఏమీ అనలేదు, ఉన్నమాటే అంది. కానీ ముసల్ది పడితే నూరు కిలోమీటర్ల అవతల ఉన్న మనిషికి ముందు తెలుస్తుందనీ, పక్కగదిలో ఉన్న తనకు ఆ మనిషి ఫోను చేసి చెబుతుందనీ తలుచుకుంటే మునీశ్వరికి ఆ రాత్రంతా అన్నం అరగలేదు.

సిద్ధమ్మ ఆ బిళ్లను తాయెత్తు అనుకుంది. పొద్దున లేవగానే కళ్లకద్దుకునేది. "మా ఉష కట్టించింది, గాలీ ధూళీ రాకుండా," అని పాలవాడికి కూడా చూపించేది. బుద్ధి పుట్టినప్పుడు విసిరేసేది కూడా. విసిరేసినప్పుడల్లా కుప్పం నుంచి ఫోను.

బిళ్ల రాకముందు నుంచే దారం ఉండేది. అది మునీశ్వరి ఉపాయం. ఇంటి ముందుగదిలో గుంటమగ్గం. గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేస్తుంటే ఆ చప్పుడులో పక్కన పిడుగు పడినా వినిపించదు. అందుకని ఒక ఒంటి పట్టుపోగు తీసి అత్త ముంజేతికి వదులుగా కట్టి, నడిమింటి కిటికీ ఊచ మీదుగా తెచ్చి, మగ్గం దూలానికి కట్టిన గజ్జెకు ముడేసింది. అత్త పక్క మీద లేచి కూర్చుంటే కళ్లముందు గజ్జె కదిలేది. గట్టిగా లాగితే పోగు తెగిపోయేది, మనిషిని ఆపేది కాదు. తెగితే మళ్లీ ముడేసుకునేది, నేసేవాళ్లకు తెగిన పోగు ముడెయ్యడం ఒక పనా? గజ్జె కదిలినప్పుడల్లా గుంటలోంచి లేచి పోయేది. దొడ్డికి తీసుకుపోయేది, నీళ్లు తాపేది, ఒక్కోసారి ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చునేది. చీర ఆలస్యమైతే నేతపని ఇచ్చే గంగాధరం చేత మాటలు పడేది.

దాన్ని ఆవును కట్టేసినట్టు అన్నారు.

అత్త మూతి తుడిచి, మంచం మీద పడుకోబెట్టి, బిళ్ల మళ్లీ మెడలో వేసింది. తర్వాత ముంజేతి పోగు విప్పింది. విప్పడమా, తెంపింది. కిటికీ ఊచ నుంచి లాగి, ఉండ చుట్టి, గజ్జెతో సహా గూట్లో పడేసింది.

"పో! అదే సూసుకుంటాది. నీ కూతురు పంపిన తాయెత్తే సూసుకోనీ నిన్ను," అంది.

సిద్ధమ్మ బిళ్లను కళ్లకద్దుకుంది.

మునీశ్వరి గుంటలోకి దిగింది. పోగు మోసే నాడె ఇటు నుంచి అటు పరిగెత్తింది. పోగును బిగించే పలక లాగి కొట్టిన ప్రతి దెబ్బలోనూ కోపం ఉంది. దెబ్బ గట్టిగా పడేకొద్దీ నేత దట్టంగా వచ్చింది. అంచులో మామిడి పిందెలు ఒకదాని వెనక ఒకటి తేలుతూ వచ్చాయి. గజ్జె లేదు, లేవడం లేదు. ఇంత ఏకధాటిగా నేసి ఎన్నాళ్లయిందో. మధ్యలో ఒకసారి కాళ్లు ఆపి చెవి పెట్టింది. నడిమింట్లో చప్పుడు లేదు. పోయి చూద్దామనిపించింది. నువ్వేమిటికి లేస్తావు, మిషన్ ఉండాది కదా, అని తనకు తానే అడ్డం చెప్పుకుని మళ్లీ తొక్కింది. పొద్దుట సంగటి అత్తకు పెట్టడమే కానీ తాను తిన్నది లేదని కూడా గుర్తు రాలేదు. కడుపు నిండా మంటే ఉంది.

ఎండ గడప దాటి వెనక్కి పోయాక, నడుము పట్టేసి, పలక మీద చేతులానించి పైకి లేచింది. వెనక్కి తిరిగింది.

మగ్గం గది గడప దగ్గర, గోడకు వీపానించి, కాళ్లు చాపుకుని సిద్ధమ్మ కూర్చుని ఉంది. గడ్డం గుండెల మీద వాలి ఉంది. బిళ్ల మెడలోనే ఉంది, చప్పుడు లేకుండా.

"ఎప్పుడొచ్చినావత్తా? పిలవద్దా?" అంటూ దగ్గరికి పోయి గడ్డం ఎత్తింది. ముఖంలో ఏ నొప్పీ లేదు. చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

పక్కన గడప మీద స్టీలు లోటా, దాని మీద మూతగా చిన్న గిన్నె. తీసి చూస్తే నిండా మజ్జిగ, రెండు కరివేపాకులు. చుక్క కూడా ఒలకలేదు.

ఆమె అరిచిన అరుపుకు పక్కింటి గోవిందమ్మ పరిగెత్తుకొచ్చింది. రెండిళ్లకూ దొడ్డి ఒకటే. చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది.

"ఇందాకే కదమ్మా సూస్తి! వంటింట్లో కుండ కాడ నిలబడి మజ్జిగ పోసుకుంటా ఉండె. నేను తెస్తా తే అవ్వా అంటే నా చెయ్యి ఇదిలించేసింది. మగ్గంలో పిల్ల పొద్దన్నుంచి గుక్కెడు నీళ్లు తాగల్యా, గొంతు ఎండిపోయుంటాది అనింది. నీకాడికే వస్తాంది కదా, నువ్వు సూసుకుంటావు కదా అని నేను పోతిని."

మునీశ్వరి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

"ఉష అనిందా?"

"ఆఁ?"

"ఉషకని అనిందా? సరిగ్గా చెప్పక్కా!"

"ఉష మగ్గంలో యాడ కూర్చుండె మే? మగ్గంలో పిల్ల అనింది. నా చెవులారా విన్నా."

మునీశ్వరి అప్పుడు ఏడ్చింది. తన వెనక రెండడుగుల దూరంలో, తన పలక దెబ్బల చప్పుడులో, ఆ మనిషి వచ్చి లోటా దించుకుని కూర్చుంది. పిలిచిందో లేదో. గజ్జె ఉండి ఉంటే మంచం మీద లేచినప్పుడే తెలిసేది. కోపానికి తెంపిన పోగు తన చేతులతో తెంపిందే. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియక నేలకేసి తల కొట్టుకుంది.

టమేటా మండీ నుంచి ధనుంజయ వచ్చాడు. చొక్కా నిండా టమేటా వాసనతోనే తల్లి కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. కుప్పానికి ఫోను పోయింది. "పుంగనూరు దాటినాం, ఎత్తొద్దండి, నేను సూడల్ల!" అని ఉషారాణి దారి పొడుగునా ఫోన్లు చేస్తూనే ఉంది.

వచ్చి తల్లి తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, ఆ సంగతి మునీశ్వరికీ తెలుసు. ఏడ్చి ఏడ్చి, తల్లి మెడలోని బిళ్ల చేతిలోకి తీసుకుని, తన ఫోను తెరిచి చూసుకుంది.

"సూడు వదినా, మోగల్యా. దబ్బున పడుంటే మోగేది. అంటే అమ్మ పడల్యా. మెల్లగా కూర్చోని, నొప్పి తెలియకుండా పోయింది. నువ్వేం బాధపడాకు. నీ తప్పేం ల్యా." బిళ్ల తాడు తల్లి తల మీదుగా తీసి గుండెలకు హత్తుకుంది. "ఇది నేను పెట్టుకుంటా. ఆఖరుదాకా అమ్మ గుండెల మీదుండింది. నేనే పక్కనుండినట్టు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు అవునవునని తలలూపారు. "బిడ్డ మీదే పాణం అంతా. ఎప్పుడూ ఉష, ఉష అనే," అంది ఎవరో.

మునీశ్వరి నోరు తెరిచింది. మజ్జిగ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. గోవిందమ్మ కూడా ఆమె వైపు చూసింది, చెప్పమన్నట్టు. చెబితే ఇప్పుడే ఉషారాణి ఆ లోటా పట్టుకుని ఇంకో విడత ఏడుస్తుంది. పెద్దకర్మ నాటికి కుప్పమంతా, అమ్మ చివరి గడియలో ఉష కోసం మజ్జిగ తెచ్చిందని చెప్పుకుంటుంది. ఇన్నేళ్ల అన్నం ఇచ్చేసింది, స్నానాలు ఇచ్చేసింది, దువ్విన తల ఇచ్చేసింది. ఇది ఇవ్వదు. మునీశ్వరి నోరు మూసుకుంది. గోవిందమ్మకు తల అడ్డంగా ఊపింది.

శవాన్ని ఎత్తే ముందు పెద్దావిడ శారదమ్మ లోపలికి కేకేసింది. "మైల ఇల్లు. వండినవీ, కుండల్లో నీళ్లూ అన్నీ పారబోయండమ్మా. పాలూ మజ్జిగా ఏమీ ఉంచొద్దు." ఆడవాళ్లు లేచారు. బిందెలు బోర్లించారు, చట్టిలో సంగటి కుక్కలకు వేశారు, మజ్జిగకుండ దొడ్లో కుమ్మరించారు.

మునీశ్వరి గడప మీది లోటాను కొంగు కిందకు తీసుకుంది. మగ్గం గదిలోకి పోయి గుంటలోకి వంగింది.

"మగ్గం కాడ ఏమన్నా ఉండాదా మునీ?" శారదమ్మ అడిగింది.

"ఏం ల్యా పెద్దమ్మా."

మైల తీరేదాకా ఆ మగ్గాన్ని ఎవరూ ముట్టరు. బయట డప్పు మొదలైంది. అందరూ వీధిలోకి పోయారు. గుంటలో, ఆమె కాళ్లు పెట్టుకునే చోట, గిన్నె మూతేసిన లోటాలో మజ్జిగ అడుక్కు దిగి, పైన నీరు తేటగా తేలింది.