రెండు వరుసలు

"ఎలుకల్ని పట్టిన చేతులు. దేవుడి గదిలో పెట్టకు," అంటాడు బాబ్జీ. ఆ చేతులే వేసిన పెసరట్లు మాత్రం నాలుగు లాగించి, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పనికి వెళ్తాడు. భార్య స్వర్ణలత నవ్వుకుంటూ గుడివాడ రైలెక్కుతుంది. అక్కడి ఫార్మసీ కాలేజీ ఎలుకల గదిలో ఆమె పదేళ్లుగా టెక్నీషియను.

ఎలుకను పట్టడం ఒక విద్య. పైనుంచి గభాలున చెయ్యి దించితే గద్దేమో అని బెదిరి కరుస్తుంది. ముందు అరచెయ్యి పంజరంలో పరిచి ఊరుకోవాలి. అది వాసన చూసి, మీసాలతో తడిమి, సరే అనుకున్నాక భుజాల చుట్టూ ఒక చెయ్యి, వెనక కాళ్ల కింద ఇంకో చెయ్యి. కొత్తగా వచ్చినవాటికి అలవాటు పడేందుకు వారం గడువివ్వాలని రూలు కూడా ఉంది. పెళ్లయిన మర్నాడే పదిమందికి వండిన స్వర్ణలతకు ఆ రూలు చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఈసారి షుగరు మందు పరీక్ష. ప్రొఫెసర్ రామ్‌ప్రసాద్ గారు ఇరవై నాలుగూ మగవే తెప్పించమన్నారు.

"ఆడవి ఎందుకొద్దండీ?"

"నాలుగైదు రోజులకోసారి వాటి ఒంట్లో మార్పులొస్తాయమ్మా. అంకెలు నిలకడగా ఉండవు."

ఇంట్లో వింటున్న మాటే. ఆమె కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, "డేటు దగ్గరపడిందా?" అంటాడు బాబ్జీ. కానీ ఇవాళ కోపం కన్నా కుతూహలం ఎక్కువైంది. రేపు ఈ మందు మింగేవాళ్లలో తన అత్తగారు ధనమ్మ కూడా ఉంటుంది కదా! నిజంగానే నిలకడ ఉండదా? ఎవరైనా చూశారా?

తనే చూసింది. ఆ గదిలో పుట్టిన పన్నెండు ఆడ, పన్నెండు మగ ఎలుకలకు రోజూ మేత తూచి పెట్టడం, మిగిలింది తూయడం ఎలాగూ తన పనే. ఎన్నేసి గ్రాములు తిన్నాయో నలభై రోజులు నోటుబుక్కులో రెండు వరుసల్లో రాసింది. వరుసలకు పేర్లు పెట్టలేదు.

ఆర్డరు మీద సంతకం చేసే రోజున పుస్తకం ఆయన ముందుంచింది.

"ఇందులో ఆడవాటి లెక్క ఏదో చెప్పండి సార్. సరిగ్గా చెబితే అన్నీ మగవే తెప్పిస్తాను."

ఆయన ఎగుడుదిగుడుగా ఉన్న ఎడమ వరుస మీద వేలు పెట్టారు. "ఇదిగో. ఒకరోజున్నట్టు ఇంకోరోజు లేదు. చెప్పానా?"

"అవి మగవండీ."

ఆయన ఆ వరుస మళ్లీ మొదటినుంచీ చదివారు. స్వర్ణలత ఆర్డరు కాగితం ముందుకు జరిపింది. మగవి పన్నెండు, ఆడవి పన్నెండు అని ముందే రాసి ఉంచింది. ఆయన సంతకం చేశారు.

సాయంత్రం రైల్లో ఆమె కొత్త నోటుబుక్కు తెరిచి నిలువునా గీత గీసింది. ఇంట్లో ఎవరికి ఎన్నిసార్లు కోపమొస్తుందో నలభై రోజులు చూడాలి. కుడివైపు తన పేరు రాసుకుంది. ఎడమవైపు, బాబ్జీ.