వెచ్చని గోడ

“ఇవేం నీళ్ళే తల్లీ! పీనుక్కి పోస్తారు ఇలాంటివి,” అని అత్తగారు జుల్మీరా స్నానాలగదిలోంచి అరిచేసరికి దాల్వా వంటింట్లో అంట్లు తోముతోంది. లాజెస్‌లో జూన్ నెలంటే నడి చలికాలం, పంపునీళ్ళు వేళ్ళను కొరికేస్తాయి. ఎనిమిదేళ్ళుగా ఆమె చేతులు ఆ నీళ్ళలోనే నానుతున్నాయి. వంటింటికి వేడినీళ్ళు పెట్టిద్దామన్న ఊహ ఈ ఇంట్లో ఎవరికీ రాలేదు. స్నానాలగదిలో మాత్రం ఓ పిసరు వేడి తగ్గితే ఇల్లు దద్దరిల్లాల్సిందే, తప్పు దాల్వాది కావలసిందే.

ఆవిడ కొడుకు, దాల్వా మొగుడు వాల్దిర్ వెంటనే కరెంటు షవర్ మూత విప్పాడు. అందులోనే ఉంటుంది నీళ్ళను కాచే తీగచుట్ట. దాంట్లో పావు వంతు కత్తిరించి పారేశాడు. తీగ పొట్టిదయితే నీళ్ళు బాగా కాగుతాయని ఈ ఊళ్ళో ప్రతి మగాడికీ తెలుసు, చలికాలం వచ్చిందంటే ఎవరో ఒకరు ఆ పని చేస్తూనే ఉంటారు. నిజమే, నీళ్ళు పొగలు కక్కాయి. వైరు మోయలేనంత కరెంటు పారితే ఆపేసే బ్రేకర్ కూడా పడిపోయింది. “నువ్వు ఇస్త్రీపెట్టె వేసుంటావు,” అన్నాడు. ఆమె ఇస్త్రీ చేస్తున్నది అతని చొక్కానే. మర్నాడు పెద్ద బ్రేకర్ తెచ్చి బిగించాడు. అది పడిపోవడం మానేసింది. తల్లి మురిసిపోయింది.

కూతురు, ఏడేళ్ళ తాయిస్ పక్క దులుపుతూ దాల్వా గోడకి చెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. అవతల అత్తగారు స్నానం చేస్తోంది. షవర్‌కి వెళ్ళే వైరు ఈ గోడలోంచే పోతుంది, కూతురి దిండు పక్కనుంచి.

దాల్వా బళ్ళో సైన్సు చెబుతుంది. ల్యాబులోంచి మీటరు తెచ్చి పెట్టి చూసింది. వోల్టులు రెండొందల ఇరవై. తీగ కత్తిరించక ముందు ఇరవై అయిదు ఆంపియర్లు పారేవి. షవర్ మీద అచ్చేసిన అయిదువేల అయిదొందల వాట్లకి లెక్క అదే. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఎనిమిది పాయింట్ ఎనిమిది ఓములు. ఇప్పుడు మీటరు ముప్ఫై మూడు ఆంపియర్లు చూపిస్తోంది. అంటే నిరోధం ఆరున్నర పైచిలుకుకి పడిపోయింది. రెండొందల ఇరవైని ముప్ఫై మూడుతో గుణించింది. ఏడువేల రెండొందల అరవై వాట్లు. గోడలో వైరు మాత్రం పాతదే, ఇరవై అయిదుకే బొటాబొటీగా సరిపోయేది. ఇదివరకు బ్రేకరన్నా ఆపేది, ఇప్పుడు అదీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెప్పగల లెక్క.

“గోడ వేడెక్కుతోంది వాల్దిర్. లెక్క వేసి చూశాను. షవర్‌కి కొత్త తీగచుట్ట వెయ్యి, వైరు మార్పించు.”

“నీ లెక్కలతో నీళ్ళు కాగుతాయా? బడి బుద్ధులు బళ్ళో పెట్టుకో.”

“మొగుడికే మార్కులు వేస్తోందిరా నీ పెళ్ళాం,” అంది అత్తగారు.

ఎలక్ట్రీషియన్‌ని తనే పిలిపించింది దాల్వా. “నేనుండగా ఇంకొకణ్ణి తెచ్చి నలుగురిలో నా పరువు తీస్తావా?” అని వాల్దిర్ అతన్ని గుమ్మంలోంచే పంపేశాడు. ఆమె కూతురి మంచం గోడకి దూరంగా జరిపితే, నడవడానికి దారి లేదంటూ అత్తగారు మళ్ళీ నెట్టేసింది. కోపంతో దాల్వాకి అన్నం సయించలేదు. అయినా మనసులో ఒకటే సర్దిచెప్పుకుంది: పాపం, అతనికి తెలియదు. తెలియనివాడికి ఓపిగ్గా చెప్పాలి. ఈ కాపురమంతా ఆ ఒక్క మాట మీదే నెట్టుకొచ్చింది. మనసు చివుక్కుమనిపించిన ప్రతి మాటా అతనికి తెలియకే అన్నాడనుకుంది, తల్లి ముందు తనని నవ్వులపాలు చేసినప్పుడూ అంతే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉడకబెట్టిన పిన్యావ్ అనే పైన్‌చెట్టు గింజలు ఒలుచుకుంటూ అత్తగారు వణికింది. “ఈ చలికి నా ఎముకలు విరుగుతున్నాయిరా. కాసేపు నడుం వాలుస్తాను.”

“నా మంచమ్మీద పడుకో నానమ్మా,” అంది తాయిస్. “నా గోడ భలే వెచ్చగా ఉంటుంది.”

“వద్దమ్మా!” వాల్దిర్ చప్పున లేచాడు. “ఆ గోడ పక్కన వద్దు. వైరు ఎప్పుడు అంటుకుంటుందో ఏమో. సోఫాలో పడుకో.”

దాల్వా గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “అంటే నీకు తెలుసు.”

“అమ్మ పెద్దావిడ! గబుక్కున లేవలేదు కదా,” అన్నాడు వాల్దిర్ విసుగ్గా. “అదైతే చిన్నపిల్ల, పరిగెత్తుకొచ్చేస్తుంది.”

ఇన్నేళ్ళూ అతనికి లెక్కలు రావనుకుంది. బ్రహ్మాండంగా వచ్చు. ఎవరు కాలినా ఫర్వాలేదో కూడా లెక్క వేసే ఉంచాడు.

ఆమె లేచి బ్రేకర్ దించేసింది. తాయిస్‌కి కోటు తొడిగి బొత్తాలు పెట్టింది, బూట్లు వేసింది, తన సంచి భుజాన వేసుకుంది.

“ఎక్కడికే దాన్ని తీసుకుని?” అన్నాడు వాల్దిర్.

“అది పరిగెత్తాల్సిన పనిలేని ఇంటికి.”